కథే పెట్టుబడిగా 'క్షణం'

2016 ఫిబ్రవరి 26న విడుదలైన 'క్షణం' కోటి రూపాయలకు అటూఇటూ ఖర్చుతో తయారైన తెలుగు క్రైమ్ థ్రిల్లర్. పి.వి.పి. సినిమా సంస్థ నిర్మించిన ఈ చిత్రంతో రవికాంత్ పేరేపు దర్శకుడిగా పరిచయమయ్యారు. కథ రాసింది, కథానాయకుడిగా నటించింది అడివి శేష్. స్క్రీన్‌ప్లే ఇద్దరూ కలిసి రాసుకున్నారు. మాటలు అబ్బూరి రవి, సంగీతం శ్రీచరణ్ పాకాల.

ఇలాంటి తక్కువ ఖర్చు నేరకథలకు బ్రిటన్‌లో పాత చరిత్రే ఉంది. థియేటర్లు స్వదేశీ చిత్రాలను కొంత వాటా మేరకు ఆడించి తీరాలని 1927లో అక్కడ చట్టం వచ్చాక, చవకగా, చకచకా సినిమాలు చుట్టేయడం మొదలైంది. 1950, 60 దశకాల్లో పెద్ద చిత్రానికి జతగా గంట నిడివి థ్రిల్లర్లు వేసేవారు. లండన్‌లోని మెర్టన్ పార్క్ స్టూడియో ఎడ్గార్ వాలెస్ కథలతో అలాంటివి వరసగా తీసింది. తెలుగు చిన్న సినిమాకు ఆ ఆసరా లేదు. పూర్తి ఆట అంతసేపూ అది ఒంటరిగానే ప్రేక్షకుణ్ని కూర్చోబెట్టాలి. చంద్రశేఖర్ యేలేటి 'ఐతే' (2003) ఆ పని చేసి చూపించింది.

'క్షణం'లో రిషి (అడివి శేష్) అమెరికాలో స్థిరపడ్డవాడు. ఒకప్పుడు ప్రేమించిన శ్వేత (అదా శర్మ) ఫోన్ చేస్తే హైదరాబాద్ వస్తాడు. కూతురు రియాను ఎవరో ఎత్తుకుపోయారని ఆమె గోడు. అసలు ఆమెకు పిల్లలే లేరని భర్త అంటాడు. వాకబు చేసినకొద్దీ ఆ మాటే బలపడుతుంది. చివరికి పాప ఎత్తు కొలుస్తూ పెట్టిన గుర్తులు రిషి కంటపడతాయి. భారీ సెట్టూ ఛేజింగూ అక్కర్లేకుండా, ఇంట్లోని ఆ చిన్న గీతలతోనే కథ మలుపు తిరుగుతుంది.

ఈ కథను నమ్మించేది నగరమే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లతో నిండిపోయాయి. ఎదురింట్లో ఎందరున్నారో తెలియని బతుకు మామూలైంది. ఊరంతా ఎరిగిన పల్లెలో పసిపిల్ల ఉనికిని దాచడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ అది సాధ్యమే అనిపిస్తుంది. ఆ భయం తెర మీదికి రావడానికి ఒక ఫ్లాటు, ఒక కారు, ఒక పోలీస్ స్టేషన్ చాలు. హాస్యానికి పేరుపడ్డ సత్యం రాజేష్‌కు, యాంకర్‌గా తెలిసిన అనసూయకు పోలీసు పాత్రలివ్వడం వల్ల ఎవరిని నమ్మాలో ప్రేక్షకుడికి చివరిదాకా అంతుచిక్కదు.

స్క్రీన్‌ప్లేకు నంది పురస్కారం దక్కింది. తమిళంలో 'సత్య' (2017), హిందీలో 'బాఘీ 2' (2018), కన్నడంలో 'ఆద్య' (2020) దీని పునర్నిర్మాణాలే. హిందీవారు దాన్ని భారీ యాక్షన్ చిత్రంగా మలిచినా, వారు కొనుక్కున్నది కోటి రూపాయల సినిమాలోని కథనే. చిన్న సినిమా తీయాలనుకునేవారు డబ్బు వెతుక్కునే ముందు స్క్రిప్టు మీద కూర్చోవాలి.