వాకిట్లో బిళ్ళగన్నేరు

హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వస్తుంటే మా కేతేపల్లి తగులుతుంది. మా ఇంటి గేటు నుంచి మెట్ల దాకా కాస్త వాలుగా చెల్క నేల. వానొస్తే ఎర్రమట్టంతా కొట్టుకొచ్చి మెట్ల దగ్గర చేరేది. ఎండాకాలం ఇల్లంతా దుమ్ము. ఒకసారి లాన్ గడ్డి వేయించాను. మే నెల ఎండకు మాడి చాపలా లేచొచ్చింది. ఏడాదంతా పచ్చగా, నేలకు దగ్గరగా, ఎక్కువ నీళ్ళు అడగకుండా ఉండే మొక్క ఏదైనా ఉందా అని కనబడిన వాళ్ళందరినీ అడిగేదాన్ని.

మా అత్తమ్మ విని విని ఒకరోజు నవ్వింది. "బిళ్ళగన్నేరు పెట్టు బిడ్డా. గోడ సందుల పడ్డా మొలుస్తది. మేకలు సుత ముట్టవు."

నర్సరీలో విన్కా అని పేరు పెట్టి కుండీల్లో అమ్మేది దీన్నే. అత్తమ్మ మాత్రం పక్కింటి పెరట్లోంచి కాయలు తెంపుకొచ్చింది. పూవు రాలాక రెండేసి సన్న కాయలు జంటగా నిలబడతాయి. అవి పచ్చదనం పోయి పసుపు రంగుకు తిరిగినప్పుడే తెంపాలి. ఒక్కరోజు ఆలస్యమైతే పగిలి గింజలు చిమ్మేస్తాయి. నల్లగా, ఆవాల కన్నా సన్నగా ఉండే గింజలు.

ఎక్కడైనా మొలిచే మొక్క కదా అని నేను గింజలు పైపైన చల్లి, పొద్దున సాయంత్రం నీళ్ళు కొట్టాను. ఒక్కటీ రాలేదు. ఈ గింజకు చీకటి కావాలట. జూన్‌లో రెండోసారి ఇసుక కలిపిన మట్టిలో వేసి, పైన పల్చగా మట్టి చల్లి, తడి గోనెసంచి కప్పాం. తొమ్మిదో రోజు సంచి ఎత్తి చూస్తే చిన్న చిన్న ఆకులు. వెంటనే సంచి తీసేశాం.

అక్కడా ఊరుకోలేదు నేను. ప్రేమ కొద్దీ రోజూ నీళ్ళు పోశాను. సగం మొలకలు మొదలు కుళ్ళి ఒరిగిపోయాయి. "తాపిందే తాపకు. మన్ను ఎండినంక పొయ్యి" అంది అత్తమ్మ. మిగిలిన వాటిని ఆరేసి ఆకులు రాగానే జానెడు దూరంలో నాటాం. పైకి సాగే కొసలు గిల్లుతుంటే పక్కలకు కమ్ముకున్నాయి. దసరా నాటికి నేల కనబడలేదు. బతుకమ్మలో తంగేడు, గునుగు వరుసల మీద మా వాకిటి గులాబీరంగు పూలు కూడా ఒక వరుస పేర్చాను.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున అత్తమ్మ నల్లా దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. ఆస్పత్రికి తీసుకెళితే షుగర్ మూడు వందలు దాటి ఉంది. ఇంటికొచ్చి గోలీల డబ్బా తెరిచాను. నెల కింద తెచ్చిన పట్టీలు అట్లాగే ఉన్నాయి. గట్టిగా అడిగితే చెప్పింది. రోజూ పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నములుతోందట. ఎవరో షుగర్‌కు మంచిదన్నారట.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా చేత్తో పెంచిన మొక్కే కదా! మొత్తం పీకేస్తానని గడ్డపార తీశాను.

బీఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి ఆదివారం వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది. "నువ్వు అనుకున్నట్టే 1950లలో కెనడాలో డాక్టర్లు కూడా అనుకున్నారు నాయనమ్మా. జమైకాలో షుగర్‌కు వాడతారని ఈ ఆకు తెప్పించి ఎలుకల మీద చూశారు. షుగర్ పెద్దగా తగ్గలేదు. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. అట్లా పడగొట్టేదే క్యాన్సర్‌కు మందు అయింది. ఇప్పుడు పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టీన్ సూది ఈ మొక్కలోదే. దాన్ని కూడా డాక్టర్లు కొలిచి కొలిచి ఇస్తారు. నువ్వేమో గుప్పెట్లో పట్టుకుని నమిలినవ్."

అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "గోలీ మింగితే రోగమొచ్చినదాన్నని యాదికొస్తది. ఆకు నమిలితే నన్ను నేనే బాగు చేసుకుంటున్న అనిపిస్తది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ గోలీ వేసుకున్నావా అని అడిగానే గాని, వేసుకుంటే నీకెట్లా ఉందని ఒక్కరోజూ అడగలేదు. గడ్డపార మళ్ళీ కొట్టంలో పెట్టేశాను.

ఇప్పుడు వాకిలి పని మొత్తం ఆమెదే. ఎండిన కొమ్మలు కత్తిరించడం, కాయలు పగలకముందే గింజలు ఏరి పొట్లం కట్టడం, అడిగిన వాళ్ళకు ఇవ్వడం. ఇచ్చేటప్పుడు "ఆకు మాత్రం నోట్ల పెట్టకుండ్రి" అని తనే చెబుతుంది. పొద్దున్నే దేవుడికి పూలు తెంపుకొచ్చి, చేతులు కడుక్కుని, టిఫిన్‌కు ముందు గోలీ వేసుకుంటుంది. నేను పట్టీలు లెక్కపెట్టడం మానేశాను. పూల పళ్ళెం పక్కన గ్లాసుతో నీళ్ళు మాత్రం పెడతాను.