నోరు తెరవండి, మేష్టారూ!

ఇరవై రెండేళ్ళుగా కుర్రాళ్ళ చేత నోరు మూయించడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి. అటువంటి నన్ను మొన్న వేసవిలో ఒక పిల్ల డాక్టరు మంచం మీద కూర్చోబెట్టి, "నోరు పెద్దగా తెరవండి, మేష్టారూ! నాలుక బాగా చాపండి. ఆఁ అనకండి, ఊఁ అనకండి" అన్నది. నా పిత్తాశయంలో రాళ్ళు. మర్నాడు ఆపరేషన్. రాళ్ళు కడుపులో ఉంటే ఈ పిల్ల నోట్లో వెతుకుతుందేమిటా అని నాకు ఆశ్చర్యం వేసింది.

ఆ ఆశ్చర్యం తీర్చింది మా మేనకోడలు. అది వేరే ఊళ్ళో మత్తుమందు శాస్త్రంలో ఎం.డి. చదువుతోంది. మామయ్యకి ఆపరేషనని సెలవు పెట్టి వచ్చింది.

"దాన్ని మల్లంపాటి పరీక్ష అంటారు, మామయ్యా."

"మల్లంపాటా? మనవాళ్ళ ఇంటిపేరులా ఉందే!"

"మనవాళ్ళదే. మల్లంపాటి శేషగిరిరావు గారని అమెరికాలో బోస్టన్‌లో పనిచేసిన డాక్టరు. నోరు తెరిచి నాలుక చాపినప్పుడు గొంతు వెనక ఎంతమేర కనిపిస్తుందో చూస్తే, గొట్టం వెయ్యడం తేలికో కష్టమో ముందే కొంత అంచనాకి వస్తుందని ఆయనా, ఆయన సహచరులూ 1985లో వ్యాసం రాశారు."

లోకంలో ఎక్కడెక్కడి మత్తు డాక్టర్లో రోజూ ఒక తెలుగు ఇంటిపేరు పలుకుతున్నారన్నమాట. తెలుగు మేష్టర్నై ఉండి నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఇంతకీ గొట్టం ఎందుకు? నాబోటి ఆపరేషన్లకి మనిషిని నిద్రపుచ్చడంతో సరిపోదుట. కండరాలు సడలడానికి మందిస్తే ఊపిరి కూడా ఆగిపోతుంది. అప్పుడు లారింగోస్కోపు అనే దీపపు పరికరంతో నాలుకను ఎత్తి, స్వరతంత్రుల నడుమనుంచి గొట్టాన్ని శ్వాసనాళంలోకి దింపి, యంత్రం చేత ఊపిరి ఆడించాలి. ఊపిరి ఆగడానికీ గొట్టం కుదురుకోవడానికీ మధ్య ఉన్న ఆ కొద్ది వ్యవధిలోనే ఉంది డాక్టరు నేర్పంతా.

"ఆ నేర్పు మీకు ఎవరు, ఎలా నేర్పుతారే?" అని అడిగాను. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది?

అది కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పింది. చేరిన కొత్తలో ఒకనాడు మొదటిసారి లారింగోస్కోపు చేతికిచ్చారుట. ఎడమచేత్తో పట్టుకుని చూసింది. అంతా ఎర్రగా, తడిగా ఉందే తప్ప పుస్తకంలోని బొమ్మ ఎక్కడా కనబడలేదు. వెనక నిలబడ్డ పెద్ద డాక్టరు, "కనబడిందా?" అని గద్దించాడు. లేదంటే ఏమవుతుందోనని "కనబడిందండీ" అనేసింది. గొట్టం ఆహారనాళంలోకి వెళ్ళింది. ఆయన వెంటనే కనిపెట్టి, పరికరం లాక్కుని, క్షణంలో సరిచేశాడు. రోగికి ఏమీ కాలేదు. కాని అందరి ముందూ, "చేతకానిదానివి ఎందుకొచ్చావు?" అన్నాడు. ఆ రాత్రి ఇది చదువు మానేద్దామనుకుందిట.

"ఆయన తిట్టినందుకు కాదు, మామయ్యా. కనబడలేదని చెప్పలేకపోయానే, అందుకు."

నేను మాట మార్చాను. ఎందుకు మార్చానో తరువాత చెబుతాను.

ఆ సాయంత్రం నేర్పే పద్ధతుల గురించి అది చెప్పుకుపోయింది, నేను విన్నాను. పాతకాలపు పద్ధతి ఒకటి: ఒకసారి చూడు, ఒకసారి చెయ్యి, ఆపైన ఇంకొకరికి నేర్పు. వినడానికి బాగానే ఉంది. అయితే నోటి ద్వారం చిన్నది. అందులోంచి ఒక్కరే చూడగలరు. గురువు చూస్తుంటే శిష్యుడికి కనబడదు, శిష్యుడు చూస్తుంటే గురువుకి కనబడదు. ఇద్దరూ చీకట్లోనే పాఠం చెప్పుకోవాలి.

రెండోది బొమ్మ మీద సాధన. 1960లలోనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు సరిగ్గా ఈ విద్య నేర్పడానికే 'సిమ్ వన్' అని కంప్యూటరుతో నడిచే మనిషి బొమ్మను తయారుచేయించారు. అది ఊపిరి తీసేది, దాని గుండె కొట్టుకునేది. ఇప్పుడు చాలా వైద్య కళాశాలల్లో సాదా రబ్బరు గొంతుల బొమ్మలైనా ఉన్నాయి. బొమ్మ దగ్గర వందసార్లు తప్పినా ఎవరికీ ప్రాణం మీదికి రాదు. చేతికి వరస అలవడుతుంది. కాని దాని నోట్లో లాలాజలం ఊరదు, పళ్ళు కదలవు. అన్ని గొంతులూ బొమ్మ గొంతులా ఉండవు. 1998లో వచ్చిన ఒక స్విట్జర్లాండు పరిశీలన ప్రకారం, కొత్తవాళ్ళు పదింట తొమ్మిదిసార్లు గొట్టం సరిగా వెయ్యగలగడానికి సగటున 57 ప్రయత్నాలు పట్టాయిట. అవి మనుషుల మీద చేసినవే.

మూడోది వీడియో లారింగోస్కోపు. దాని కొసన చిన్న కెమెరా, పక్కన తెర. శిష్యుడు చూసేదే గురువూ చూస్తాడు. "ఇంకాస్త ఎత్తు, కుడివైపు జరుపు" అని నోటితో చెప్పవచ్చు, చెయ్యి లాక్కోనక్కరలేదు. తెర మీద చక్కగా కనబడుతూనే గొట్టం మాత్రం లోపలికి దిగనని మొరాయించడమూ కద్దుట. అంచేత పాత పరికరం సాధన మానరాదు.

"మరి ఈ మూడింట్లో ఏది గొప్పది?" అన్నాను, పరీక్షలో ప్రశ్నలాగా.

"ముందు బొమ్మ, తరువాత గురువు పక్కన ఉండగా మనిషి. వీలైతే తెర. కాని వీటన్నిటికంటే ముందు నేర్పవలసింది ఇంకొకటుంది. కనబడకపోతే ఆగాలి, మాస్కుతో ఆక్సిజనిచ్చి, సాయానికి పిలవాలి. కష్టమైన గొంతుల విషయంలో ఏం చెయ్యాలో మన దేశపు సంఘం వాళ్ళు 2016లో రాసిపెట్టారు. ప్రయత్నాలకి హద్దు ఉండాలని అందులో ఉంది. ఆగడం కూడా విద్యే, మామయ్యా."

ఇంతలో ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మగారు వచ్చారు. "ఇది చదువు చెప్పే ఆస్పత్రి. పొద్దున మిమ్మల్ని చూసిన అమ్మాయి రేపు గొట్టం వేస్తుంది, నేను పక్కనే ఉంటాను. మీకిష్టం లేకపోతే చెప్పండి, నేనే వేస్తాను" అన్నారు.

మా ఆవిడ నా కాలు గిల్లింది. దాని భావం తెలుసుకోవడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. నాకూ భయం వేసింది. ఇన్నాళ్ళూ చదువు గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, అది నా గొంతులో జరుగుతుందనేసరికి నీరుకారిపోయాను. మా మేనకోడలు మాత్రం ఇటు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. దాని 57 మందిలో ఎవరో ఒకరు ఎప్పుడో సరేనన్నవాళ్ళే కదా!

"ఆ అమ్మాయినే వెయ్యనివ్వండి" అన్నాను. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

మర్నాడు మెలకువ వచ్చేసరికి గొంతు కాస్త మంటగా ఉంది. సాయంత్రం ఆ పిల్ల డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడి, "మొదటిసారి నాకు సరిగా కనబడలేదండీ. ఆపేసి, మాస్కుతో ఆక్సిజనిచ్చి, మేడమ్‌తో చెప్పాను. తలకింద ఎత్తు మార్చమన్నారు. రెండోసారి వేశాను" అని ఉన్నదున్నట్టు చెప్పింది. మా ఆవిడ ఆమెను కాసేపు చూసి, చేతిలో రెండు బత్తాయిపళ్ళు పెట్టింది.

ఇక మాట ఎందుకు మార్చానో చెబుతాను. నా తరగతిలో గణవిభజనకి కుర్రాణ్ణి నల్లబల్ల దగ్గరికి పిలుస్తాను. ఒక్క గురువు తప్పితే చాలు, సుద్దముక్క లాక్కుని మిగతా పద్యం నేనే చేసేస్తాను. "తెలిసిందా?" అంటాను. "తెలిసిందండీ" అని అరవైమందీ ఒక్కసారే అంటారు. ఆ మాటను ఇన్నేళ్ళూ పాఠం బాగా చెప్పినందుకు గుర్తనుకున్నాను. నా దగ్గర ఎవరి ప్రాణమూ పోదు నిజమే. కాని ఆ రాత్రి చదువు మానేద్దామనుకున్న పిల్లలు నా తరగతిలో ఎందరో నాకేం తెలుసు?

సెలవయ్యాక కాలేజీకి వెళ్ళాను. ఉత్పలమాల. ఒక కుర్రాడు మూడు గణాలు చేసి ఆగాడు. అలవాటుగా చెయ్యి ముందుకు పోయింది. దాన్ని జేబులో పెట్టుకున్నాను.

"ఏమోయ్, కనబడుతోందా?"

కుర్రాడు నా మొహంలోకి చూసి, తల దించుకుని, "లేదండీ" అన్నాడు.

"మంచిది. ఉండు, ఇద్దరం చూద్దాం" అన్నాను.

సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుందని వాడంతట వాడికి తట్టడానికి చాలాసేపు పట్టింది. గంట కొట్టేశారు. ఆ పూట సగం పద్యమే అయింది.