పైంతరా

కుస్తీ అఖాడాల అడుగు మార్చి దెబ్బ తప్పించుకునుడును పైంతరా అంటరు. మా బాన్స్‌వాడ పోరగాండ్లకు ఆ సబఖ్ చెప్పింది 1998ల ప్లేస్టేషన్ మీదికొచ్చిన టెక్కెన్ 3. పై బటనో, కింది బటనో ఊకె తట్టి ఇడిస్తే మనిషి పక్కకు జరుగుతడు. సూటిగొచ్చిన ముక్కా గాలిల పోతది. వార్ ఖాలీ పోయినోడు చెయ్యి గుంజుకునే లమ్హా ఉంటది సూడుండ్రి, అదే మనది. గుండ్రంగ తిరిగొచ్చే లాత్‌కు మాత్రం జరుగుడు పనికిరాదు, నిలబడి ఆపుకోవాలె.

2019ల జపాన్ ఈవో, అమెరికా ఈవో రెండిట్లా టెక్కెన్ 7 గెల్సిన అర్సలాన్ యాష్ లాహోర్ పోరడు. ఆయన ఆట బాగుందన్నందుకు మా భాంజాను క్లాసుల ఒకడు "పాకిస్తాన్ పో" అన్నడట.

"ఏం జెయ్యాలె మామూ?"

"నిన్నొక్కన్ని అన్న మాటైతే పక్కకు జరుగు బేటా. వాని గుస్సా ఖాలీ అయినంక నిమ్మలంగ జవాబియ్యి. గిది మనందర్నీ చుట్టి కొట్టే మాట. దీనికి జరగొద్దు."

ఆటల ఓడితే మళ్ల స్టార్ట్ నొక్కొచ్చు. బడిల ఆ సౌలత్ లేదు. అందుకే రేపు టీచరును కలువనీకి వానెంబడి నేనూ పోతున్న.