168 ముళ్లు

మదనపల్లెకు చేరువలో, హార్సిలీ కొండ కనుచూపు మేరలో ఉండే ఒక పల్లెలో పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు ఒకరు భార్యతో కలిసి నివసిస్తున్నారు. ఊరివారంతా ఆయనను అయ్యవారని పిలుస్తారు. పిల్లలిద్దరూ ఉద్యోగరీత్యా బెంగుళూరు చేరిన తరువాత ఆ ఇంట మిగిలిన మూడవ ప్రాణి నల్లోడు. పద్దెనిమిది కిలోల బరువు, నిగనిగలాడే నల్లని ఒళ్లు, ఎడమ చెవి కొస మీద మాత్రం ఒక తెల్లని చుక్క. జాతి కుక్క కాదు. ఒక వానాకాలపు రాత్రి అరుగు క్రిందికి చేరిన కూన, అయ్యవారి భార్య పోసిన పాలు త్రాగి, ఇక ఆ ఇల్లు విడిచి పోలేదు.

నల్లోడికి రెండేళ్లు నిండిన రోజులలో ఒక చిన్న అపచారం జరిగింది. వీధి వెంట సైకిలు మీద పోతున్న పాలబ్బాయి మీదికి అది మొరుగుతూ దూకగా, ఆ పిల్లవాడు బెదరి క్రింద పడి మోచేయి చెక్కుకొన్నాడు. కాటు పడలేదు. అయినా నలభై ఏళ్లు పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన అయ్యవారికి అది సహింపరానిదయింది. ఆ మరునాడే సంతలో ఇనుప గొలుసు కొనితెచ్చి, పెరటి జామచెట్టుకు బిగించారు. పగలంతా కుక్క గొలుసున ఉండాలి, రాత్రి విడిచిపెట్టాలి. ఇది ఆ ఇంటి చట్టం.

“కట్టేస్తే కాపలా ఎట్లా కాస్తుందండీ?” అని ఆవిడ అడిగారు.

“కట్టకపోతే ఊరివాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?” అని ఆయన అన్నారు. చర్చ అంతటితో ముగిసింది. ఇటువంటి చట్టాలు చాలా ఇళ్లలో ఉన్నవి. చేసినవారి ఉద్దేశంలో దోషం లేదు.

పెరటి గోడకు అవతల పాత రావిచెట్టు ఉంది. కొన్నేళ్ల క్రిందట, సంక్రాంతి దాటిన తరువాత, ఆ చెట్టు పై కొమ్మకు పెద్ద తేనెటీగలు పట్టు పెట్టినవి. పెరట్లో పెట్టెలలో పెంచే ఈగలు వేరు, ఇవి వేరు. కొండ బండలకు, ఎత్తైన చెట్లకు, పట్నాలలో నీటి ట్యాంకులకు ఒకే ఒక పెద్ద పట్టు బహిరంగంగా వ్రేలాడగట్టే జాతి ఇది. పూతకాలంలో వచ్చి, పూత తరగగానే వలసపోతుంది. జోలికి పోనంతవరకు దాని పని అది చూసుకొంటుంది. అయ్యవారు ప్రతి సాయంత్రం పడకకుర్చీలో కూర్చుని, నల్లని తెరవలె ఈగలు పట్టు మీద అలలు అలలుగా కదలడం ముచ్చటగా చూసేవారు.

మాఘమాసంలో ఒక ఉదయం, పది గంటల వేళ, ఆ పట్టు కదిలింది. తేనెపట్లను తన్నుకొనిపోయే గద్ద వాలిందో, పిల్లలెవరైనా రాయి విసిరారో ఇప్పటికీ తేలలేదు. ముందుగా వినవచ్చింది పిండిమర తిరుగుతున్నట్టు ఒక హోరు. వీధిలోని ఊరకుక్కలు నాలుగైదు, ఆ హోరు వినీ వినకముందే తోకలు ముడిచి, చెరువు గట్టు వైపు ఉడాయించినవి. వాటికి రెండో మూడో ముళ్లు గుచ్చుకొని ఉంటాయి, అంతే. నల్లోడికి మాత్రం పారిపోవడానికి పది అడుగుల గొలుసు మించి లేదు.

పెరటి తలుపు తీసిన అయ్యవారికి కుక్క కనిపించలేదు. జామచెట్టు మొదట ఒక నల్లని ముద్ద పొర్లుతున్నది. దాని మీద మరొక పొర కదులుతున్నది. నల్లని రంగు, బొచ్చు, ఊపిరి వెచ్చదనం, పెనుగులాట, ఇవన్నీ తేనెటీగలకు శత్రువు గుర్తులే. ఎలుగుబంటి వంటి జంతువుల నుండి పట్టును కాపాడుకొంటూ వచ్చిన జాతికి నల్లని బొచ్చు ప్రాణి కనబడితే మరొక సందేహం ఉండదు. అందులోను అవి ముక్కు, కళ్లు, నోరు చూసుకొని కుడతాయి.

ఆయన ఒంటి మీద బనియను మాత్రమే ఉన్నది. అలాగే దిగబోతుంటే భార్య వెనుక నుండి రెక్క పట్టి ఆపి, మంచం మీది కంబళి తల మీదుగా కప్పారు. ఆ కంబళితోనే ఆయన చెట్టు దాకా పరుగెత్తి, కుక్కను కూడా దానిలోకి లాగుకొన్నారు. గొలుసు కొక్కెం ఊడలేదు. కుక్క అవతలికి గుంజుతున్నంతసేపు కొక్కెం బిగుసుకొంటుందే తప్ప వదులు కాదు. బలంగా దగ్గరకు లాగుకొని, మెడపట్టీనే విప్పవలసి వచ్చింది. ఎంతసేపు పట్టిందని తరువాత అడిగితే “పావుగంట” అన్నారాయన. “నిమిషం కూడా కాదు” అన్నారు ఆవిడ.

ఇద్దరూ ఒకే ఉరుకున ఇంట్లో పడ్డారు. ఆవిడ తలుపు మూసి, గదిలోని దీపం ఆర్పి, ఒక్క కిటికీ రెక్క మాత్రం తెరిచి ఉంచారు. వెంట వచ్చిన ఈగలు వెలుతురును వెతుక్కొంటూ చాలావరకు అటే పోయినవి. బొచ్చులో చిక్కుకొన్నవాటిని తడిగుడ్డతో దులిపివేశారు.

అప్పుడు అయ్యవారు చిమటా కోసం ఇల్లంతా వెతకసాగారు. ముల్లును వ్రేళ్లతో నొక్కి లాగితే తిత్తిలోని విషమంతా లోపలికి దిగుతుందని, అంచుతో గీకి తీయాలని ఆయన ఎక్కడో చదివి ఉన్నారు. ఆవిడ ఆ చదువు కోసం ఆగలేదు. స్టీలు పళ్లెం ఒకటి ప్రక్కన పెట్టుకొని, గోళ్లతోనే పీకడం మొదలుపెట్టారు.

ఈ విషయంలో ఆవిడదే సరైన పద్ధతి. తేనెటీగ ముల్లుకు గాలం వంటి కొక్కేలుంటాయి. కుట్టిన ఈగ ఎగిరిపోబోతే ముల్లు, విషపు తిత్తితో సహా దాని ఒంటి నుండి తెగి చర్మంలోనే నిలిచిపోతుంది. ఈగ చచ్చిపోతుంది, తిత్తి మాత్రం తనంత తానే విషాన్ని తోడుతూ ఉంటుంది. ఆ విషంలో అత్యధిక భాగం మొదటి ఇరవై సెకండ్లలోనే దిగిపోతుంది. 1996లో అమెరికా శాస్త్రజ్ఞులు ముగ్గురు మనుషుల చేతుల మీద పరీక్షించి, గీకినా గిల్లినా ఒకటే, ఆలస్యమైతేనే వాపు హెచ్చుతుందని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. కాబట్టి చిమటా వెతుక్కొనే వ్యవధి ఈ వ్యవహారంలో లేదు.

“ఎవరైనా అరటిపండు ఒలిచారా?” అని ముళ్లు తీస్తూ ఆవిడ అడిగారు. ఇంట్లో ఆనాడు అరటిపండ్లు లేవు. ఆ వాసన ముళ్లదే. కుట్టిన చోట ఈగ ఒక సువాసన విడిచి, “శత్రువు ఇక్కడ ఉన్నాడు” అని తోటివాటిని పిలుస్తుంది. దానిలో ముఖ్యమైన పదార్థం ఐసోపెంటైల్ ఎసిటేట్ అని 1962లో గుర్తించారు. అరటిపండుకు వాసననిచ్చేవాటిలో అదీ ఒకటి. ముళ్లతో ఉన్న ప్రాణి పట్టుకు దగ్గరలో నిలిచి ఉంటే మరిన్ని ఈగలు దాని మీదికే వస్తాయి. ముందు దూరం పోవాలి, తరువాత ముళ్లు తీయాలి. కట్టివేసిన ప్రాణికి ఆ మొదటి పని చేతకాదు.

ఇంతలో ఇరుగుపొరుగులు గుమిగూడారు. ఒకరు సున్నం తెచ్చారు, ఒకరు ఉల్లిపాయ, మరొకరు కిరోసిను. ఆవిడ అందరికీ నమస్కారం చెప్పి, చల్లని నీళ్లలో తడిపిన గుడ్డ మాత్రం కుక్క మొగం మీద వేశారు. నల్లోడి కళ్లు అప్పటికే వాపులో పూడుకుపోయినవి. పెదవులు రొట్టెల వలె పొంగినవి. నొప్పి చూడలేక అయ్యవారు తాను జ్వరానికి వేసుకొనే మాత్ర ఒకటి చేతిలోకి తీసుకొన్నారు. అదృష్టవశాత్తు, అదే సమయానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని పశువైద్యశాలకు ఫోను కలిసింది. డాక్టరమ్మ మొదటి మాటే, “సార్, మనుషుల మాత్ర ఏదీ వేయవద్దు. మూతి తాడుతో కట్టవద్దు. వెంటనే తీసుకొని రండి” అని. మనకు మేలు చేసే నొప్పి మాత్రలు కొన్ని కుక్కల కాలేయానికి, మూత్రపిండాలకు విషతుల్యాలు. ఇక మూతి కట్టిన కుక్క వాంతి చేసుకొంటే ఊపిరాడక పోతుంది.

ఆటోలో కంబళి చుట్టుకొని పడుకొన్న నల్లోడు రెండుసార్లు కక్కింది. మూడవ మైలు దాటేసరికి చిగుళ్లు సున్నపు గోడలా తెల్లబడినవి. తల నిలపలేకపోతున్నది. ఆటో నడిపే కుర్రవాడు గతుకుల రోడ్డు మీద హారను మీద నుండి చేయి తీయలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. అయ్యవారి శిష్యుల పిల్లల వయసు. ఆమె ఒక్క చూపుతో చిగుళ్లు, నాడి పరీక్షించి, ముందు అడ్రినలిన్ ఇచ్చింది. ముందరి కాలి బొచ్చు గొరిగి, సెలైను ఎక్కించింది. అలర్జీని అణచే సూది, వాపు తగ్గించే స్టెరాయిడు సూది ఆ తరువాత. “పాము కాటుకు ఉన్నట్టు దీనికి విరుగుడు మందు లేదమ్మా. ఒంట్లోని నీరు, రక్తపు ఒత్తిడి నిలబెడుతూ, విషం తనంతట తాను పోయేదాకా కాచుకోవలసిందే” అని ఆవిడతో చెప్పింది.

పళ్లెంలో ఎన్ని ముళ్లున్నవని అడిగింది. ఆవిడ లెక్కపెట్టే తీశారు: 126. చెవుల లోపల, తొడల సందున, నాలుక క్రింద డాక్టరమ్మ మరి నలభై రెండు తీసింది. కిలో బరువుకు ఇరవై ముళ్లు సుమారు ప్రాణాంతకమని పశువైద్యుల అంచనా. పద్దెనిమిది కిలోల కుక్కకు అది 360. 168 అందులో సగానికి తక్కువే. అలర్జీ ఉన్న కుక్కకైతే ఒక్క ముల్లయినా చాలు. అందుకే ముక్కు మీద ఒకే ఒక ఈగ కుట్టినా, తడిగుడ్డ వేసి ఊరుకోక, కొన్ని గంటలపాటు వాంతి, ఆయాసం, దద్దుర్లు, నీరసం కనిపిస్తాయేమో చూడాలి.

“ఇన్ని కుట్టేదాకా పారిపోలేదా సార్? కట్టి ఉంచారా?” అని ఆమె మామూలుగానే అడిగింది.

“ఔను, కట్టి ఉంచినాను” అన్నారు అయ్యవారు. ఆయన చేతుల మీద, మెడ మీద కూడా తొమ్మిది ముళ్ల గుర్తులు ఉన్నవని అప్పుడే అందరూ గమనించారు. తన మాట ఆయన ఎత్తనే లేదు. ఆమె బలవంతం మీద ప్రక్క వీధిలోని ఆసుపత్రికి పోయి సూది వేయించుకొని వచ్చారు.

సాయంత్రానికి నల్లోడు కళ్లు సగం తెరిచి, నీళ్లు నాకింది. తోక ఒకసారి నేలకు కొట్టింది. గండం గడిచిందని అయ్యవారు నిశ్చయించుకొన్నారు. డాక్టరమ్మ మాత్రం, “రేపు మళ్లీ తేవాలి. మూడు రోజులు మూత్రం రంగు చూడండి” అని రెండుసార్లు చెప్పింది. ఇంటికి వస్తూ ఆయన, “తోక ఆడించే కుక్కను మళ్లీ ఆటో ఎక్కించడం దేనికి? చిన్నపిల్ల, జాగ్రత్త ఎక్కువ” అన్నారు. ఆవిడ బదులు చెప్పలేదు.

చీకట్లో, ఎర్రమట్టి నేల మీద, నల్లకుక్క మూత్రపు రంగు ఎవరికి తెలుస్తుంది? ఆవిడ ఆయన పాత తెల్లపంచె ఒకటి చింపి, వసారాలో కుక్క పడుకొనే చోట పరిచారు. రాత్రి రెండుసార్లు టార్చిలైటుతో లేచి చూశారు. తెల్లవారుజామున పంచె మీద మరక కనిపించింది: చిక్కని కాఫీ డికాక్షన్ రంగు.

“ఏమండీ, లేవండి. ఆటోకు ఫోను చేయండి” అన్నారు.

“నిన్న బాగానే ఉన్నాడు కదే!”

“ఇది చూడండి.”

తేనెటీగ విషంలో మెలిటిన్ అనే పదార్థం సగం వరకు ఉంటుంది. అది తోటి పదార్థాలతో కలిసి ఎర్ర రక్తకణాలను పగులగొడుతుంది. పగిలిన కణాల నుండి వెలువడ్డ హీమోగ్లోబిన్ మూత్రపిండాల గుండా పోతూ, వాటి సన్నని నాళాలను దెబ్బతీస్తుంది. వాపు తగ్గి, కుక్క తోక ఆడిస్తున్న గంటలలోనే ఈ పని లోపల సాగిపోతూ ఉంటుంది. పైకి కనిపించేది మూత్రపు రంగు ఒక్కటే. ఆ సమయంలో సెలైను అందకపోతే మూత్రపిండాలు పూర్తిగా మొరాయించవచ్చు.

ఆ తరువాత మూడు రోజులు పశువైద్యశాల కిటికీ ఊచకు సీసా, దాని క్రింద కంబళి మీద నల్లోడు, ప్రక్కన స్టూలు మీద అయ్యవారు. పట్టుకు నిప్పు పెడతామని ఊరి కుర్రాళ్లు కాగడాలు సిద్ధం చేస్తున్నారని తెలిసి, అక్కడి నుండే ఫోను చేసి వద్దన్నారు. పూత అయితే అవే పోతాయన్నారు. రోగులతో వచ్చిన రైతులు కొందరు, కుక్కకు ఇంత సేవా అని నవ్వారు. ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. తన మేకలు రెండు ఇట్లాగే కట్టుకొయ్యల దగ్గరే చచ్చినవని, మంద తప్పించుకొన్నదని చెప్పి, సీసాలో చుక్కలు పడుతున్నవో లేవో చూసి పోయాడు. అయ్యవారు ఆ రోజంతా ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు.

నాలుగవ నాటి పంచె మీది మరక లేత పసుపు. ఆ మధ్యాహ్నం నల్లోడు పెరుగన్నం తిన్నది, మెల్లగా, గిన్నె అంచు వరకు. రక్తం మామూలు స్థితికి రావడానికి మరికొన్ని వారాలు పట్టింది.

ఈగలు చింతపూత రాకముందే లేచిపోయినవి. కొమ్మకు ఎండిన మైనపు పట్టు చాలాకాలం వ్రేలాడుతూ ఉండేది. ఆ నెల పింఛను డబ్బుతో అయ్యవారు వీధి వైపు నడుమెత్తు గేటు పెట్టించి, పెరడంతా కుక్కకు వదిలివేశారు. పాలబ్బాయి ఇప్పుడు గేటు బయటి నుండే పాలు పోస్తాడు. సంతలో కొన్న గొలుసు ఆ గేటుకు తాళం వేయడానికి పనికివచ్చింది. రాత్రి అది గలగలమన్నప్పుడల్లా నల్లోడు లేచిపోయి మంచం క్రింద దూరుతుంది. అయ్యవారు గొలుసు చుట్టూ పాతగుడ్డ చుట్టి, చప్పుడు కాకుండా తాళం వేస్తారు.