నమ్మకం లేనిచోట మాట

ఉద్యోగ జీవితంలో మనసుకు నచ్చినవారితోనే పనిచేసే అవకాశం అందరికీ లభించదు. మాట తప్పిన సహోద్యోగితోనే మళ్లీ మాట్లాడక తప్పని పరిస్థితి ఒక్కొక్కసారి ఏర్పడుతుంది. అటువంటప్పుడు కోపం కంటే సన్నద్ధత మేలు.

ముందుగా కంటితో చూసినదాన్నీ, మనసులో అనుమానించినదాన్నీ వేరుచేసుకోవాలి. “మీరు మోసం చేశారు” అనడం అనుమానం. “సోమవారం ఇస్తామన్న లెక్కలు గురువారానికి కూడా అందలేదు” అనడం వాస్తవం. మొదటిది కలహానికి, రెండవది సమాధానానికి దారితీస్తుంది.

1908లో దక్షిణాఫ్రికాలో గాంధీజీ జనరల్ స్మట్స్‌తో రాజీ కుదుర్చుకున్నారు. భారతీయులు స్వచ్ఛందంగా పేర్లు నమోదు చేసుకుంటే నిర్బంధ చట్టం రద్దవుతుందని విశ్వసించారు. ఆ హామీ కాగితం మీద లేదు. చట్టం రద్దు కాలేదు. అయినా తన ప్రజల మేలుకోరి 1914లో ఆయన అదే స్మట్స్‌తో చర్చలకు కూర్చున్నారు. కుదిరిన అంశాలు ఉభయపక్షాల ఉత్తరాలలో నమోదయ్యాయి.

మాటను కాగితం మీద ఉంచడం ఎదుటివారిని అవమానించడం కాదు. ఇరువురినీ మాటకు కట్టుబడేలా చేయడం. సంభాషణకు ముందే నమ్మకం ఉండనక్కరలేదు. నిలబెట్టుకున్న ఒక్కొక్క మాటతో అది క్రమంగా చిగురించవచ్చు.