గరికకొక రథము



రెండు మాసాలుగా ఈ పుటలో ఏమీ వ్రాయలేదు. ఛందస్సును గూర్చి తలపెట్టిన వ్యాసాల వరుస ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. కారణం చెబితే నవ్వుతారు. ముప్పదియైదేండ్లు సంధులు, సమాసాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగుపండితుడు, సైకిలు తప్ప మరొక వాహనం ఎన్నడూ నడిపి ఎరుగనివాడు, అరువదియేడేండ్ల ప్రాయంలో ఎక్కి కూర్చొని గడ్డి కోసే బండిని కొనవచ్చునా, కూడదా అన్న మీమాంసలో పడ్డాడు. ఆ పండితుడు నేనే.

మా ఇల్లు ఆళ్లగడ్డలో ఊరిచివర ఉంది. ఉద్యోగరీత్యా నంద్యాలలో చాలా ఏండ్లు అద్దె ఇండ్లలో గడిపి, పదవీవిరమణానంతరం తండ్రిగారి ఈ ఇంటికి చేరుకున్నాం. వెనుక డెబ్బది సెంట్ల దొడ్డి. రెండు వేపచెట్లు, ఒక చింత, ఒక పాతబావి. మిగిలినదంతా నల్లరేగడి. వాన పడితే చెప్పు అడుగున మరొక చెప్పు మొలుస్తుంది. ఎండకాలంలో చేయి దూరేటన్ని నెరియలు. తూర్పుగోడకు ఆవల ఒకప్పుడు శిల్పుల పాక ఉండేది. ఆళ్లగడ్డ శిల్పాలకు పేరుపడిన ఊరు గదా! దేవుళ్లు లారీలెక్కి దేశమంతా వెళ్లిపోయారు. వారిని చెక్కగా రాలిన రాతిపెళ్లలు మాత్రం మా దొడ్డిలో మిగిలాయి. ఈ పెళ్లల ప్రసక్తి మళ్లీ వస్తుంది.

మా నాయనగారి కాలం నుండి ఒకామె మా దొడ్డిలో గడ్డి కోసుకొని పోయేది. కోడికూతకే కొడవలి, గోనెపట్ట తీసుకొని వచ్చేది. మేము లేచేసరికి మోపు కట్టుకొని వెళ్లిపోయేది. మేము కూలి ఇచ్చింది లేదు, ఆమె వెల కట్టిందీ లేదు. ఆమె ఎనుముకు మేత, మాకు శుభ్రమైన దొడ్డి. ఎవరు ఎవరికి ఉపకారం చేస్తున్నారో ఇరుపక్షాలవారూ ఎన్నడూ లెక్క వేయలేదు.

2022లో వానలు బాగా పడ్డాయి. గడ్డి ఆమె కొడవలికి అందనంతగా పెరిగింది. ఒకనాటి సాయంకాలం మా ఇంటియావిడ బావిచెంత రక్తపింజరిని చూచింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మరునాడు నేను పోయి గడ్డిమందు కొనితెచ్చి, ఒక మనిషిని పిలిచి, సాయంత్రం చల్లబడ్డాక దొడ్డంతా కొట్టించాను. గ్లైఫోసేటు అని డబ్బా మీద ఉంది. ఆకుల గుండా లోనికి దిగి వేరు దాకా పోతుందనీ, గడ్డి పసుపుబారడానికి వారం పట్టవచ్చుననీ కొట్టినవాడు చెప్పాడు. అనగా మరునాటి ఉదయానికి గడ్డి చూపులకు పచ్చగానే ఉంటుంది.

ఆమెకు చెప్పాలన్న ఆలోచన నాకు తెల్లవారి కాఫీ త్రాగుతుండగా వచ్చింది.

సైకిలు మీద వాళ్ల వీధికి పోయేసరికి ఎనుము సగం మోపు తినేసింది. నేను చెప్పిన మాట విని ఆమె అరవలేదు. గాడిలోని గడ్డినంతా చేతులతో ఎత్తి అవతల పారవేసింది. తొట్టెడు నీళ్లు తెచ్చిపెట్టింది. పిమ్మట నావైపు తిరిగి, "ఒక్క మాట చెప్పింటే సరిపోయుండు గదా అయివోరూ" అన్నది. అంతే. ఎనుముకు ఏమీ కాలేదు. కాని వారం దినాలు పిండిన పాలను పిండినట్టే మట్టిలో పోసిందని తరువాత తెలిసింది. ఆ పాల ఖరీదు ఇవ్వబోతే తీసుకోలేదు. మళ్లీ మా దొడ్డికి రాలేదు.

ఆ అక్టోబరులోనే కేంద్రప్రభుత్వం గ్లైఫోసేటు వాడకాన్ని చీడల నియంత్రణ వృత్తిగా గలవారికే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పత్రికలో చదివాను. మూడు నెలల ముందు వచ్చివుంటే నా తప్పు చట్టవిరుద్ధమైన తప్పు అయి ఉండేది. ముందే చేశాను గనుక వట్టి తప్పుగా మిగిలింది.

మరుసటి సంవత్సరం మా అబ్బాయి మమ్మల్ని టెక్సాసుకు పిలిపించుకున్నాడు. డల్లాసుకు గంట ప్రయాణదూరంలో వాడికి ఎకరం స్థలంలో ఇల్లు. అక్కడ చూశాను ఈ రథాన్ని. నాలుగు చక్రాలు, ఒక ఆసనం, ఒక చుక్కాని, పొట్టక్రింద వెడల్పాటి రేకుతొడుగు, ఆ తొడుగులో గిరగిర తిరిగే కత్తులు. శనివారం ఉదయాన మావాడు టోపీ పెట్టుకొని దానినెక్కి పొలం దున్నే రైతువలె గంభీరంగా వెళ్లేవాడు. పంట ఏదిరా అంటే ఏమీ లేదు. కోసిన గడ్డి తినే పశువూ లేదు. గడ్డి అడుగు ఎత్తు దాటితే నోటీసు ఇచ్చే పురపాలికలు ఆ రాష్ట్రంలో చాలా ఉన్నాయట.

ఈ యంత్రం పుట్టుక చదివితే ముచ్చట వేసింది. ఇంగ్లండులో స్ట్రౌడు అనే ఊరి చెంత ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్నిగుడ్డ మీది నూగును సమంగా కత్తిరించే మిల్లుయంత్రాన్ని చూచి, అదే పని పచ్చికమీద ఎందుకు చేయరాదని తలచి 1830లో పేటెంటు పొందాడు. అంతకుముందు ప్రభువుల తోటలలో కొడవళ్లు పట్టినవారే వరుసలు కట్టి కోసేవారు. ఎక్కి నడిపే ఇంటిబండ్లు వ్యాప్తిలోకి వచ్చింది తరువాతి శతాబ్దిలో. జాన్ డీర్ వారి మొదటి తోటట్రాక్టరు 1963 నాటిది.

ఒక అవాంతరం. కొడవలికి సంస్కృతంలో లవిత్రమని పేరు. కోయుట అనే అర్థంగల 'లూ' ధాతువు మీద 'ఇత్ర' ప్రత్యయం చేరి ఏర్పడింది. గునపాన్ని ఖనిత్రం అనడమూ, మనం నిత్యం వాడే చరిత్ర అనే మాటా అదే ప్రత్యయంతో సిద్ధించినవే. ఈ బండికి 'ఆరోహణలవిత్రం' అని పేరు పెట్టి మావాడికి చెప్పాను. వాడు నవ్వలేదు. వాడు నా తరగతిలో కూర్చున్నప్పుడూ ఇంతే.

ఒకనాడు నన్నూ ఎక్కించాడు. బాగానే పోతున్నాను. దారిలో ఒక బల్లి కనబడితే తప్పించుదామని ఆసనం మీదినుండి కాస్త లేచాను. యంత్రం టక్కున ఆగిపోయింది. పాడుచేశాననుకొని కంగారుపడ్డాను. మనిషి లేస్తే కత్తులు తిరగకూడదని ఆసనం క్రింద మీట ఉంటుందట. నాకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది.

అక్కడే మరొకటి చూశాను. వంగి ఆ పచ్చికను చేతిలోకి తీసుకుంటే, మన గరిక! సన్నని కణుపులు, నేలను పాకే తీగ, చివర పక్షిపాదంవంటి వెన్ను. వాళ్లు బెర్ముడా గ్రాస్ అంటారు. వృక్షశాస్త్రజ్ఞులకు రెండూ ఒకటే. సెప్టెంబరులో వినాయకచవితి వచ్చింది. మావాడు ఇండియన్ స్టోరుకు పోయి, పత్రితో పాటు గరికను కూడా పొట్లంలో కొనితెచ్చాడు. మా ఇంటియావిడ ఆశ్చర్యపోయి, "ఎకరం నిండా పెట్టుకొని కొంటావేమిరా?" అని అడిగింది. "అది పూజకు పనికిరాదమ్మా, మందు కొట్టించాను" అన్నాడు. ఆమె నావైపు చూచింది. నేను కిటికీవైపు చూచాను.

తిరిగి వచ్చాక దొడ్డిని చూస్తే గరికతో పాటు తుంగ, వాటిని మించి వయ్యారిభామ. మందుకు చచ్చిన గడ్డి స్థానాన్ని మొదట ఆక్రమించింది అదే. 2024 వానలకు ముందు మావాడు ఫోనులో, "నాయనా, డబ్బు పంపుతాను, నీవూ కూర్చొని నడిపే బండి కొనుక్కో, అమ్మకు పాముల భయం తప్పుతుంది" అన్నాడు. కొనేముందు చూడవలసినవి కూడా చెప్పాడు. అరెకరం లోపు స్థలమైతే నడుస్తూ తోసేది చాలునట, మించితే ఎక్కేది. కత్తుల తొడుగు 42 అంగుళాలుంటే మామూలు ఇంటికి సరిపోతుందట. చెట్లు ఎక్కువగా ఉంటే వెడల్పు కన్నా మలుపు తిరిగే నేర్పు ముఖ్యం. గేర్లు మార్చే అవసరం లేని హైడ్రోస్టాటిక్ రకమైతే నా బోటివాడికి సుఖం. పదిహేను డిగ్రీలు మించిన వాలులో నడపరాదు. ఒక్కసారే గడ్డిలో మూడోవంతుకు మించి కోయరాదు.

లెక్క ప్రకారం డెబ్బది సెంట్లకు మేము అర్హులమే. నేల ప్రకారం కాదు. వానాకాలంలో మనిషి దిగబడే రేగడిలో ఆ బరువు ఎక్కడ నిలుస్తుంది? గడ్డి పెరిగేది మాత్రం అప్పుడే. ఎండకాలంలో నేల గట్టిపడుతుంది, కోయడానికి గడ్డి ఉండదు. ఇక రాతిపెళ్లలు సరేసరి.

అయినా నంద్యాలకు పోయాను. శిరివెళ్ల మీదుగా బస్సులో నలభై కిలోమీటర్లు. వ్యవసాయ పరికరాల దుకాణాలున్న వీధిలో ఒకచోట యజమాని నన్ను చూచి లేచి నిలబడ్డాడు. నావద్ద చదువుకున్నవాడే. తెలుగులో ఎన్ని మార్కులు వచ్చేవో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. "సార్, కూర్చొని నడిపేటివి గోల్ఫు మైదానాలకు, స్టేడియాలకు తెప్పించుకుంటారు సార్. తెప్పించి ఇస్తా గానీ, బెల్టు తెగితే ఈడ బాగుచేసేవాడు లేడు. మీకు వద్దు" అన్నాడు. అమ్ముడుపోయే వస్తువును వద్దన్న వ్యాపారి మాట వినదగినది.

తరువాత పవర్ వీడరు చూపించాడు. దాన్ని నేనే వద్దన్నాను. అది మట్టిని గుల్లచేస్తుంది. గరిక తీగ ముక్కలైతే ప్రతి కణుపూ మరొక మొక్క. తుంగగడ్డలూ అంతే. పొలంలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలుసు. చివరకు భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టరు. టూ స్ట్రోకు రకం తేలిక, కాని పెట్రోలులో నూనె కొలిచి కలపాలి. కొలత తప్పితే ఇంజను పోతుంది. ఫోర్ స్ట్రోకు కొంచెం బరువు, నూనె వేరుగా పోస్తారు. గురువులఘువులు తప్ప మరే కొలతా నిలకడగా పట్టని చేతులివి. ఫోర్ స్ట్రోకే తీసుకున్నాను. మెత్తని గడ్డికి నైలాను దారం, ముదురుకాడలకు ఇనుపబిళ్ల. పదిహేను మీటర్లలో మనిషిని గాని పశువును గాని నిలబడనీయరాదని, కంటికి అద్దాలు, కాళ్లకు బూట్లు లేకుండా ముట్టరాదని రెండుసార్లు చెప్పి పంపాడు.

మొదటిదినమే అతని మాట విలువ తెలిసింది. తూర్పుగోడ దగ్గర దారం ఒక రాతిపెళ్లకు తగిలి, అది ఎగిరి బావిగట్టున పెట్టిన ఇత్తడిబిందెకు సొట్ట పెట్టింది. బిందె స్థానంలో ఇంటియావిడ ఉండవలసినది, అప్పుడే లోనికి పోయింది. నాలుగుదినాలు పెళ్లలేరాను. ఇక వయ్యారిభామ కోస్తే మొదలునుండి మళ్లీ చిగిర్చింది. దాన్ని పూతకు రాకముందే చేతులకు తొడుగులు వేసుకొని, తడినేలలో వేరుతో పెరకడమే మేలు.

గరిక సంగతి వేరు. దారం దాన్ని కోయదు, చింపుతుంది. చిందరవందరగా చెదిరిన ఆ గడ్డి మోపుకు రాదు. ఒక గంపెడు ఏరి ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన. అప్పుడు యంత్రం గోడకు ఆనించి చాలాసేపు అరుగుమీద కూర్చున్నాను. ఈ గడ్డికి యంత్రం కాదు, ఎనుము కావాలి. పోవలసినచోటికి నేను రెండేండ్లుగా పోవడం లేదు.

మరునాడు పోయాను. ఆమె గాడి చిమ్ముతున్నది. ఎనుము అదే, ప్రక్కన కొత్తగా ఒక దున్నపోతుదూడ. ఏమని మొదలుపెట్టాలో ఎంత వ్యాకరణం చదివినా తెలియలేదు. "అమ్మా, ఆ దినం తప్పు నాది. అప్పటినుండి దొడ్డిలో మందు పడలేదు, ఇక పడదు. గడ్డి ఉంది" అన్నాను.

ఆమె చీపురు ఆపలేదు. కొంతసేపటికి, "మిషను తెచ్చినారంట గదా" అన్నది.

"తెచ్చినాను. బావిదారికి, గోడవారకు మాత్రమే."

"గరిక మింద పెట్టొద్దు. ఆ వాసనకు ఎనుము మూతి పెట్టదు. మళ్లా ఎప్పుడన్నా మందు కొట్టల్లంటే ముందు నాకు చెప్పల్ల."

"కొట్టించను."

"కొట్టియ్యనంటారు. పాము కనపడితే కొట్టిస్తారు. చెప్పి కొట్టియ్యండి."

దానికి నావద్ద జవాబు లేదు. సరేనన్నాను.

రెండుదినాల తరువాత వచ్చింది. ఒక పిడికెడు కోసి, అరచేతిలో నలిపి, వాసన చూచి, ఒకే ఒక చిన్నమోపు కట్టుకొని పోయింది. అది ఎనుముకు వేయలేదని, మిద్దెమీద ఎండబెట్టి పెట్టిందని సాయంత్రం ఆ వీధిలో పోతూ చూశాను. ఆ వారంలో మళ్లీ రాలేదు. పైవారం మూడుదినాలు వచ్చింది. అప్పటినుండి కోడికూతకే కొడవలి చప్పుడు వినబడుతున్నది.

మావాడు బండి ఫోటో పంపమన్నాడు. బ్రష్ కట్టరు ఫోటో పంపాను. ఇంత చిన్నదా అన్నాడు. బావిదారిన రాత్రిపూట టార్చిలైటు, చేతికర్ర మానలేదు. మా ఇంటియావిడకు పాముల భయం తగ్గిందని చెప్పలేను.

ఛందస్సు వ్యాసాలు వచ్చేవారం నుండి కొనసాగిస్తాను. ఈలోగా, నైలాను దారం మాటిమాటికీ తెగకుండా ఉండడానికి ఎంత మందం గలది వేయాలో తెలిసినవారెవరైనా ఉంటే చెప్పగలరు.