రెండవ బహుమానము

ఆటలో గెలుపోటములు సహజములు. ఓడినవాడు చిరునవ్వుతో ఓటమిని అంగీకరింపవలెనని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని పోటీని నడపువారికిని ఒక ధర్మము కలదు. ఎదుటివాని నేర్పు వలన ఓడుట వేఱు. చీటీ పడిన తీరు వలన వెనుకబడుట వేఱు. ఈ రెండింటికిని గల భేదమును గుర్తించినవాడు చార్లెస్ డాడ్జ్‌సన్.

ఆయన ఇంగ్లండు దేశీయుడు. ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చాలకాలము గణితము బోధించెను. లూయీ కెరోల్ అను పేరుతో 1865లో ఆలిస్ కథను వెలువరించినవాడును ఆయనయే. ఒకనాడు ఆయన లాన్ టెన్నిస్ పోటీలు చూచుచుండగా, ప్రారంభములోనే ఓడిన క్రీడాకారుడొకడు వాపోవుట వినెను. తనకంటె తక్కువవాడు రెండవ బహుమానము పొందెనని అతని బాధ. డాడ్జ్‌సన్ ఆ మాటను అసూయగా భావించి త్రోసివేయలేదు. లెక్క వేసి చూచి, 1883లో ఈ విషయముపై ఒక చిన్న పొత్తమును ప్రకటించెను.

ఆ లెక్క కఠినమైనది కాదు. 32 మంది ఆటగాండ్రు చీట్లు వేసికొని జతలుగా ఆడుదురు, ఓడినవాడు తొలగిపోవును. అందఱిలో మేటియైనవాడే తుదకు గెలుచు ననుకొన్నను, అతని తరువాతివాని గతి యేమి? అతని పేరు పట్టికలో మేటివాడున్న సగముననే పడినచో, తుది ఆటకు ముందే ఇరువురును తలపడుదురు. అతడు వట్టి చేతులతో ఇంటికి పోవును. మిగిలిన 31 స్థానములలో రెండవ సగమునకు చెందినవి 16 మాత్రమే. కావున అర్హుడైనవానికి రెండవ బహుమానము దక్కుట దాదాపు బొమ్మా బొరుసా వేయుటతో సమానము.

ఒక్క ఓటమితోనే ఎవనిని తొలగింపరాదని డాడ్జ్‌సన్ సూచించెను. ఓడించినవాడు అధికుడు, వానిని ఓడించినవాడును అధికుడే. ఇట్లు అధికులు ముగ్గురు తేలిన పిదపనే ఆటగాడు తప్పుకొనవలెను. అప్పుడు మూడు బహుమానములును అర్హులకే చేరును.

చిన్న పోటీలలోను ఈ చిక్కు కలదు. 8 జట్లున్నచో నాకౌట్ పద్ధతికి 7 ఆటలు చాలును. ప్రతి జట్టును మిగిలిన జట్లన్నిటితో ఆడు లీగు పద్ధతికి 28 ఆటలు కావలెను. మైదానము ఒకటి, దినములు రెండు అయినపుడు అన్ని ఆటలు సాగవు. అట్లని న్యాయమును విడువ నక్కఱలేదు. విజేత చేతిలో ఓడిన జట్లు మూడే. ఆ మూడింటికి మఱి రెండు ఆటలు ఏర్పఱచినచో, రెండవ స్థానము ఎవరిదో మైదానముననే తేలును. మొత్తము 9 ఆటలతో పని ముగియును.

ఏడాది పొడుగున సాధన చేసి, దూరము నుండి వచ్చిన జట్టునకు ఓటమి కలుగవచ్చును. కాని తన బలము తెలియు అవకాశము లభించినచో, ఆ జట్టు ఓడియు తృప్తితో మరలును. రెండు ఆటలకు పట్టు కాలము అంతటి తృప్తికి పెద్ద వెల కాదు.